నాన్న పేగులో గడ్డ తీసిన ఎండోస్కోపీ యూనిట్ - నా రివ్యూ (కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి)

నాన్నకి పెద్దపేగులో గడ్డ ఉందని తెలిసిన రోజు నుంచి అమ్మ ఒకటే మాట, "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందంట కదే, కదిలించకుండా వదిలేస్తేనే మంచిదేమో" అని. ఈ రివ్యూ మొత్తం ఆ మాట చుట్టూనే రాస్తున్నా. మేం రెండు చోట్లకి వెళ్ళాం. మొదటి చోట అమ్మ ఈ మాట అడిగితే అలాంటివేం ఉండవమ్మా అని కొట్టిపడేశారు. రెండో చోట డాక్టర్ గారు కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చుని పావుగంట చెప్పారు, చెప్పి ఊరుకోకుండా చేసేటప్పుడు కూడా అంత జాగ్రత్తా పాటించారు. రెండు చోట్ల పేర్లూ రాయట్లేదు, పేరు కన్నా పని ఎలా జరగాలో తెలిస్తే మీరు ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది.

ముందు మొదటి చోటు సంగతి. మలంలో కంటికి కనపడని రక్తం ఉందని టెస్ట్‌లో వచ్చింది, కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం (స్కోప్) పంపి పేగు లోపల చూడటం, చెయ్యాలన్నారు, చేశారు. సిగ్మాయిడ్ అనే భాగంలో, అంటే పెద్దపేగు చివర్లో వంపు తిరిగే చోట, మూడున్నర సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. కాడ ఉన్న పుట్టగొడుగు లాంటిది కాదు, గోడకి చాపలా పరుచుకున్న రకం. అప్పటికప్పుడే దాని మీద ఆరు చోట్ల బయాప్సీ తీశారు, ఆ తర్వాత ఎలాగూ లోపలికి వెళ్ళాం కదా అని తీగ ఉచ్చు వేసి ఒక మూల కోసి చూశారు, రక్తం వచ్చేసరికి ఆపేశారు, పోతూ పోతూ గుర్తు కోసం నల్ల సిరా ఇంజెక్షన్ ఆ గడ్డ పక్కనే పొడిచేశారు. ముక్కలన్నీ ఒకే సీసాలో వేశారు. రిపోర్ట్‌లో హై గ్రేడ్ డిస్‌ప్లేసియా (కణాలు క్యాన్సర్‌కి దగ్గరగా మారాయని) అని రాసి, కింద ఇంకో లైను, ముక్కలు చెదిరి ఉన్నందున లోతు, అంచులు చెప్పలేము అని. ఆ లైను ఎన్నిసార్లు చదివానో, ప్రతిసారీ కడుపులో దేవినట్టు అయ్యేది. క్యాన్సర్ ఉందా లేదా అన్నది పక్కన పెడితే అసలు చూసే వీల్లేకుండా చేసి ఇచ్చారన్నమాట. ఆపరేషన్ చేసి పేగు ముక్క తీసేయించుకోండి అని ఒక చీటీ రాసిచ్చి పంపేశారు.

రెండో యూనిట్‌కి ఆ వీడియో, రిపోర్ట్, గాజు స్లైడ్లు అన్నీ పట్టుకుని వెళ్ళాం. స్లైడ్లు అడిగి తీసుకోవచ్చని చాలా మందికి తెలీదు, అడిగితే ఇస్తారు, తప్పకుండా అడగండి, వాటిని వీళ్ళ పాథాలజిస్ట్ (ముక్కల్ని మైక్రోస్కోప్‌లో చూసే డాక్టర్) మళ్ళీ చూశారు. డాక్టర్ గారు వీడియో మొత్తం చూసి ఒక తెల్ల కాయితం తీసుకుని నాలుగు గీతలు గీశారు. పేగు గోడకి నాలుగు పొరలమ్మా, లోపలిది మ్యూకోసా, దాని కింద మెత్తటి సబ్‌మ్యూకోసా, దాని కింద కండరం, చివర బయటి పొర. పెద్దపేగులో మ్యూకోసా పొరలో లింఫ్ నాళాలు (క్యాన్సర్ కణాలు ఒంట్లో వేరే చోట్లకి పోయే సన్నటి దారులు) దాదాపు ఉండవు కాబట్టి గడ్డలో క్యాన్సర్ మొదలైనా ఆ పొర దాటనంత వరకు దానికి బయటికి పోయే దారే లేదు. సబ్‌మ్యూకోసాలోకి దిగితే అప్పుడు దారి దొరుకుతుంది, అక్కడా ఒక మిల్లీమీటరు లోపల ఉంటే రిస్క్ తక్కువ, దాటితే ఎక్కువ. సబ్‌మ్యూకోసా వరకు దిగిన క్యాన్సర్లలో సుమారుగా నూటికి పదింటిలో లింఫ్ గ్రంథులకి చేరి ఉంటుంది అని చెప్పారు. అంటే పాకడం అనేది ముఖ్యంగా ఆ గడ్డ ఎంత లోతుకి దిగిందన్న దాని మీద ఆధారపడుతుంది, కత్తి తగిలిందా లేదా అన్న దాని మీద కాదు.

అమ్మ మొహం కొంచెం తేలికపడింది. ఆ వెంటనే ఆయన ఒక మాట అన్నారు, అందుకే ఈ రివ్యూ రాయాలనిపించింది నాకు. "అలాగని మా చేతి వల్ల ఏమీ జరగదని కూడా అనను అమ్మా, మీ భయంలో కొంత నిజం ఉంది" అన్నారు. గడ్డ అంచున కొన్ని కణాలు మిగిలిపోతే అక్కడే మళ్ళీ మొలుస్తుంది, ఇది మామూలుగా జరిగేదే. గడ్డని నడిమధ్యకి కోస్తే, లోపల క్యాన్సర్ ఉంటే, ఊడిన కణాలు పచ్చి పుండు మీద పడొచ్చు. పేగుకి చిల్లు పడితే పొట్టలోకి కూడా పోవచ్చు. ఈ చివరి రెండూ అరుదు, అయినా ఆ అరుదైన దాని కోసం కూడా మేం కొన్ని పనులు చేస్తాం అన్నారు. 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు గ్యాస్ట్రోఎంటరాలజీ అనే జర్నల్‌లో ఇదే విషయం రాశారట, క్యాన్సర్‌ని తాకిన స్కోప్ లోపలి గొట్టంలో, అంటే పరికరాలు దూర్చే దారిలో, కడిగి చూస్తే క్యాన్సర్ కణాలు దొరికాయని, అదే కొలనోస్కోపీలో ఇంకోచోట పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే గడ్డ) తీసిన పుండు మీద అవి పడి తర్వాత గడ్డ అయ్యే అవకాశం ఉందని. ఇంటికి వచ్చి వెతికాను, నిజంగానే ఉంది. మాలాంటి వాళ్ళ ప్రశ్నకి జర్నల్ దాకా వెళ్ళి జవాబు చెప్పిన డాక్టర్‌ని నేను ఇదే చూడటం.

ఆయన చెప్పిన పద్ధతి ఈఎస్‌డీ, అంటే ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్. తీగ ఉచ్చుతో పాలిప్ తియ్యడం 1969లో న్యూయార్క్‌లో హిరోమి షిన్యా అనే డాక్టర్ కొలనోస్కోప్‌తో మొదలుపెట్టారు, అంతకుముందు ఇలాంటి వాటికి చాలావరకు పొట్ట కొయ్యాల్సిందే. కానీ ఉచ్చు సైజుకి ఒక హద్దు ఉంటుంది, రెండు సెంటీమీటర్లు దాటిన చదును గడ్డల్ని ఉచ్చుతో తీస్తే ఎక్కువగా పీసులు పీసులుగానే వస్తాయి. ఈఎస్‌డీలో గడ్డ కింద ద్రవం ఎక్కించి పైకి లేపి, చిన్న ఎలక్ట్రిక్ నైఫ్‌తో చుట్టూ కోసుకుంటూ, కింది పొర నుంచి ఒలిచి, మొత్తం ఒకే ముక్కగా తీస్తారు. దీన్ని జపాన్ వాళ్ళు ముందు కడుపులో, అంటే జీర్ణాశయంలో, గడ్డల కోసం డెవలప్ చేశారు, పెద్దపేగుకి అక్కడ ఇన్సూరెన్స్‌లో చేర్చింది 2012లో. పేగు గోడ కడుపు గోడ కన్నా బాగా పల్చన, పైగా మెలికలు, అందుకే ఇక్కడ చెయ్యి బాగా తిరిగినవాళ్ళే చెయ్యాలి. ఇలాంటివి మీరు ఎన్ని చేశారు సార్ అని అడిగాను, ఏమీ అనుకోకుండా చెప్పారు. అలా అడిగితే చిరాకు పడే చోట మాత్రం చేయించుకోవద్దు.

మొదటి చోట చేసిన పని వల్ల ఏం అయ్యిందో కూడా అప్పుడే చెప్పారు. బయాప్సీ తీసిన చోట, ఉచ్చుతో సగం కోసిన చోట, సిరా పొడిచిన చోట లోపల మచ్చ కట్టి పొరలు అతుక్కుంటాయి. ద్రవం ఎక్కించినా అక్కడ గడ్డ పైకి లేవదు, ఒలవడం కష్టం, చిల్లు పడే అవకాశం పెరుగుతుంది. సిరా పొడవాలంటే గడ్డకి కనీసం మూడు సెంటీమీటర్ల దూరంలో పొడవాలి, సూదిని గడ్డలో నుంచి పోనివ్వకూడదు. పెద్ద చదును గడ్డ కనిపిస్తే ఫొటోలు, వీడియో తీసుకుని, గెలక్కుండా, తియ్యగలిగిన చోటుకి పంపడమే అసలు పద్ధతి అన్నారు. అమ్మ అన్న "కదిలించకు" అనే మాట ఇక్కడ నిజమైంది, పూర్తిగా తియ్యలేనప్పుడు కదిలించకూడదు.

ఇక ప్రొసీజర్ రోజు. పేగు శుభ్రం చేసే మందు ముందు రోజు రాత్రి సగం, ఆ రోజు పొద్దున సగం తాగించారు, నాన్న బాగా ఇబ్బంది పడ్డారు, కానీ దీన్ని తేలిగ్గా తీసుకోకండి, పేగులో మలం ఉండి పొరపాటున చిల్లు పడితే అప్పుడు అసలు ప్రమాదం. రక్తం పల్చబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మొదలెట్టాలో రాసిచ్చారు. లోపల గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడారు, అది త్వరగా ఒంట్లో కలిసిపోతుంది కాబట్టి పొట్ట ఉబ్బరం తక్కువ. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. తర్వాత రోజు డాక్టర్ గారు రికార్డింగ్ పెట్టి మాకు చూపించారు, అడిగితే కాపీ కూడా ఇచ్చారు.

ఆ వీడియోలో చూసినవి చెప్తాను. నాన్నకి పేగులో ఇంకా పైకి, అడ్డపేగు భాగంలో, ఆరు మిల్లీమీటర్ల చిన్న పాలిప్ ఇంకొకటి ఉంది. స్కోప్ పెద్ద గడ్డ పక్క నుంచి నెమ్మదిగా, దాన్ని రాసుకోకుండా పైకి వెళ్ళింది, ముందు ఆ చిన్నదాన్ని తీసింది, ఆ ఉచ్చుని పక్కన పడేశారు, మళ్ళీ వాడలేదు. ఆ తర్వాతే పెద్దదాని దగ్గరికి దిగారు. ఎందుకంటే పెద్దదాన్ని ముందు ముట్టుకుని, అదే దారిలో అవే పరికరాలతో చిన్నదాన్ని తీస్తే, ఆ కొత్త పుండు మీద ఊడిన కణాలు పడే అవకాశం మనమే ఇచ్చినట్టు. ఖర్చు లేదు, కష్టం లేదు, వరస మార్చడమే, ఇంత చిన్న ఆలోచన ఎంతమంది చేస్తారు చెప్పండి.

తర్వాత గడ్డ మీద నీలం రంగు చల్లారు. పైన ఉన్న చిన్న చిన్న గుంటల డిజైన్ తేలింది, అది ఎంత చెదిరి ఉంటే లోతుకి దిగిందన్న అనుమానం అంత ఎక్కువంట, చాలాసేపు జూమ్ చేసి దాన్నే చూశారు. లోతుకి దిగినట్టు కనిపించి ఉంటే అక్కడితో ఆపేసి సర్జరీకి పంపేవాడిని అన్నారు, ఆ నిర్ణయమే సగం పని అన్నారు. ద్రవం ఎక్కించే సూది గడ్డలో పొడవలేదు, అంచు బయట మంచి పొర దగ్గర నుంచి పొడిచారు. కోత కూడా గడ్డ అంచుకి కొన్ని మిల్లీమీటర్లు వదిలేసి బయట మొదలైంది. నీలం రంగు కలిపిన ద్రవంతో గడ్డ దిండులా లేచింది, ఒక్క మూల తప్ప. ఆ మూల మొదటి చోట ఉచ్చు వేసిన చోటు. తెల్లటి పీచులా, అతుక్కుపోయి, ఎంత ద్రవం ఎక్కించినా లేవలేదు. అక్కడే నలభై నిమిషాలు. ఒక్కో పోగూ చూసుకుంటూ, రక్తనాళం కనిపిస్తే ముందు దాన్ని కాల్చి మూసి, తర్వాత కోసుకుంటూ వెళ్ళారు. ఆ నలభై నిమిషాలు స్క్రీన్ మీద చూస్తుంటే నాకు చేతులు చెమటలు పట్టాయి, అంతా అయిపోయి నాన్న పక్కనే కూర్చుని ఉన్నా కూడా.

విడిపోయిన గడ్డని ఊరికే గొట్టంలోకి పీల్చలేదు, లాక్కుని రాలేదు. చిన్న వల లాంటిది తెరిచి, అందులో పెట్టి, మూసి, స్కోప్‌తో పాటే బయటికి తెచ్చారు. నలగకుండా, చిరగకుండా, పేగు పొడుగునా రాసుకోకుండా. మళ్ళీ స్కోప్ లోపలికి వెళ్ళి పుండుని స్టెరైల్ నీళ్ళతో బాగా కడిగి పీల్చేశారు. మలద్వారం దగ్గరి క్యాన్సర్ ఆపరేషన్లలో పేగు కలిపి కుట్టే ముందు సర్జన్లు లోపల కడుగుతారట, ఊడిన కణాలు కుట్ల మీద పడకుండా, ఆ అలవాటే ఇక్కడా పాటిస్తాం అన్నారు. ఉప్పు లేని నీళ్ళయితే కణాలు ఉబ్బి పగిలిపోతాయి అని కూడా చెప్పారు. ఆ అతుక్కున్న మూల కండరం కొంచెం పల్చగా కనిపించిందని మూడు క్లిప్పులు వేసి మూసేశారు. చిల్లు పడలేదు, పడే దాకా చూడలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం వీడియోలో లేదు. ప్రొసీజర్ అయ్యాక సిస్టర్ నన్ను పిలిచి చూపించారు. ఒక ఫోమ్ చెక్క మీద నాన్న గడ్డని రుమాలులా పరిచి చుట్టూ సన్నటి పిన్నులు గుచ్చారు, ముడుచుకోకుండా. ఏ వైపు పైకి ఏ వైపు కిందికి అని రాశారు, పక్కన స్కేల్ పెట్టి ఫొటో తీశారు, 38 మిల్లీమీటర్లు బై 31. తర్వాత ఆ చెక్క మొత్తాన్ని బోర్లించి ఫార్మలిన్‌లో ముంచారు. చిన్న పాలిప్ వేరే సీసాలో, వేరే లేబుల్. ముక్కలన్నీ ఒకే సీసాలో పడేసిన చోట నుంచి వచ్చిన నాకు ఆ పిన్నులు చూసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకిలా అంటే ల్యాబ్‌లో దాన్ని రెండు మూడు మిల్లీమీటర్లకి ఒక చీలిక చొప్పున కోసి ప్రతి చీలికలో అంచు చూస్తారు, ముడుచుకుపోతే అంచు ఏదో లోతు ఏదో తెలీదు.

రిపోర్ట్ తొమ్మిదో రోజు వచ్చింది. అడినోమా (క్యాన్సర్‌గా మారగల రకం గడ్డ) లోపల మ్యూకోసా పొరకే పరిమితమైన క్యాన్సర్, లోతు అంచు క్లియర్, పక్క అంచులు క్లియర్, లింఫ్ నాళాల్లోకి రక్తనాళాల్లోకి పోయిన గుర్తులు లేవు. అంటే క్యాన్సర్ ఉంది, మొదలైంది, ఆ లోపలి పొరలోనే ఉండగానే బయటికి వచ్చేసింది. పేగు కోసే ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మొదటి చోట చెప్పినట్టు నేరుగా సర్జరీకి వెళ్ళి ఉంటే ఆ పేగు ముక్క ఊరికే పోయేది.

ఇప్పుడు నచ్చనివి కూడా చెప్పాలి. కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టించింది ఒక జూనియర్, రెండు నిమిషాల్లో, చిల్లు, రక్తస్రావం అని గడగడా చదివేసి. డాక్టర్ గారు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేవాళ్ళం. రిపోర్ట్ వచ్చిందని ఫోన్ చేసిన అమ్మాయి "కార్సినోమా అని ఉందండి, డాక్టర్ గారు రేపు మాట్లాడతారు" అని పెట్టేసింది. కార్సినోమా అంటే క్యాన్సరే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. అంచులు క్లియర్ అన్న రెండు ముక్కలు కలిపి చెప్పుంటే ఏం పోయేది? మర్నాడు ఈ మాట డాక్టర్ గారికి చెప్పాను, సారీ చెప్పారు, ఇకపై రిపోర్టులు తనే చెప్తానన్నారు. ఇంకోటి, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాయితంలో రెండు వారాల వరకు రక్తం పడొచ్చు, ఎక్కువ పడితే వెంటనే రావాలి అన్నది చిన్న అక్షరాల్లో చివర్లో ఉంది, అది పైన పెద్దగా ఉండాలి.

ఇది చదివి ప్రతి పాలిప్‌కీ ఈఎస్‌డీ అడగకండి. చిన్నవాటికి ఉచ్చు చాలు. పెద్దవైనా క్యాన్సర్ అనుమానం లేనివాటిని పీసులుగా తీసినా తప్పు కాదు, చాలా చోట్ల అదే మంచి పద్ధతి, కాకపోతే తీశాక పుండు అంచుని చుట్టూ కాల్చాలి. దీని మీద 2019లో వచ్చిన స్టడీలో అంచు కాల్చనివాళ్ళలో 21 శాతం మందికి అక్కడే మళ్ళీ వస్తే, కాల్చినవాళ్ళలో 5.2 శాతానికి పడిపోయింది. అందుకని డాక్టర్‌ని "తీసేస్తారా" అని మాత్రమే అడిగి ఊరుకోకండి, ఒకే ముక్కగా తీస్తారా పీసులుగానా, పీసులైతే అంచు కాలుస్తారా, ముక్క ల్యాబ్‌కి ఎలా పంపుతారు, మళ్ళీ ఎప్పుడు చూస్తారు, ఇవి అడగండి. పీసులుగా తీయించుకున్నవాళ్ళు ఆరు నెలల చెకప్ మాత్రం అస్సలు ఎగ్గొట్టకండి, మిగిలిన కణాలు ఉంటే తేలేది అప్పుడే.

నాన్నకి ఒకే ముక్కగా వచ్చినా, ముందు ఒకసారి గెలికి ఉన్నారు కాబట్టి ఆరు నెలలకే రమ్మన్నారు. పోయిన వారం వెళ్ళొచ్చాం. ఈసారి నన్ను స్క్రీన్ పక్కనే నిలబడనిచ్చారు. గడ్డ ఉన్న చోట తెల్లటి మచ్చ, చుట్టూ ఉన్న పేగు మడతలన్నీ దాని వైపుకి లాగినట్టు, మధ్యలో ఒక క్లిప్ ఇంకా ఊడకుండా మెరుస్తూ ఉంది. డాక్టర్ గారు వెలుతురు రంగు మార్చి, జూమ్ చేసి, మచ్చ అంచు వెంబడి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మెల్లగా తిప్పుతూ చూసి, "ఏం లేదమ్మా, శుభ్రంగా ఉంది" అన్నారు. బయటికి వచ్చి అమ్మకి చెప్తే "చిన్నది తీసిన చోటు కూడా చూశారా" అని అడిగింది. చూశారు. అక్కడైతే మచ్చ కూడా దొరకలేదు.